మా అత్తయ్య రెండో ఉద్యోగం

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున్నే మా అత్తయ్య గారు పోయారు. నిద్రలోనే. డాక్టరు వచ్చి చూసి వెళ్ళాక మావారు గోడకు ఆనుకుని కూర్చుండిపోయారు. బంధువులకు ఫోన్లు చేసే పని నా మీద పడింది. బాపట్లలో ఆవిడ అన్నగారికి, కొలకలూరులో మా అమ్మకి, ఇంకా ఎవరెవరికో చేశాను. ఎవరికి ఏం చెప్పానో, వాళ్ళేం అడిగారో ఇప్పుడు గుర్తులేదు. ఒకావిడకైతే రెండుసార్లు చేశానట. ఇలాంటి కబురు ఫోనులో ఎలా చెప్పాలో తెలిసిన మనిషి మా ఇంట్లో ఒక్కరే. ఆవిడ లోపల గదిలో చాప మీద ఉన్నారు.

ఆవిడ టెలిఫోన్ ఆపరేటరు. ట్రంకు కాల్ రోజుల్లో బాపట్ల ఎక్స్ఛేంజీలో కూర్చుని, తీగలు ఒక చోట పీకి ఇంకో చోట గుచ్చుతూ, ఊళ్ళను ఊళ్ళతో కలిపిన మనిషి. తర్వాత మిషన్లొచ్చాయి, ఆపరేటర్లతో పని తగ్గింది. ఆవిడను ఎంక్వైరీకి మార్చారు, అక్కణ్ణించి బిల్లుల కౌంటరుకి. అరవై నిండాక మెడలో దండ వేసి, చేతిలో గోడ గడియారం పెట్టి పంపించారు. మామయ్య గారు అప్పటికే లేరు. బాపట్లలో ఇల్లు ఖాళీ చేసి తెనాలిలో మా దగ్గరకు వచ్చేశారు. నెలనెలా పెన్షను బ్యాంకులో పడేది.

ఉద్యోగం అయిపోయినా ఆ పద్ధతులు ఆవిడను వదల్లేదు. నేనూ మావారూ ఎప్పుడైనా మాటా మాటా అనుకుంటుంటే వంటింట్లోంచి ఆవిడ గొంతు వచ్చేది. "మూడు నిమిషాలయిందండీ, పొడిగించమంటారా?" ట్రంకు కాల్ మధ్యలో ఆపరేటరు అలాగే అడిగేదట. ఆ మాట వినగానే నాకు నవ్వాగేది కాదు. మావారికి ఇంకాస్త కోపం వచ్చేది. ఒక్కోసారి నేనే, "పొడిగించండి అత్తయ్యా, ఈయన సంగతి ఇంకా తేలలేదు" అనేదాన్ని.

మా అమ్మ నాకు ఫోన్ చేస్తే చాలు, అత్తయ్య గారు లేచి పెరట్లోకి వెళ్ళిపోయేవారు. "కలిపేదాకే మన పని. కలిపాక వినకూడదు" అనేవారు. కొత్తలో నేను మా అమ్మకు చెప్పేవి చాలావరకు ఆవిడ మీద చాడీలే కాబట్టి ఆ నియమం నాకు బాగా కలిసొచ్చింది.

పెన్షను తీసుకునేవాళ్ళు ఏటా నవంబరులో తాము బతికే ఉన్నామని చూపించుకోవాలి. దాన్ని లైఫ్ సర్టిఫికెట్ అంటారు. మొదటిసారి నేనే బ్యాంకుకు తోడు వెళ్ళాను. ఆవిడ ఇస్త్రీ చేసిన జరీ అంచు చీర కట్టుకుని, ముడి నున్నగా దువ్వుకుని, చేతికి వాచీ పెట్టుకుని బయల్దేరారు. ఏదో ఇంటర్వ్యూకి వెళ్తున్నట్టుంది వాలకం. కౌంటరు దగ్గర అబ్బాయి చిన్న మిషన్ ముందుకు జరిపి, "వేలు పెట్టండి మేడం" అన్నాడు. పెట్టారు. పచ్చ లైటు వెలిగింది.

"అయిపోయిందండి" అన్నాడు.

"ఇంకేమీ అడగరా బాబూ?"

"అడగడానికేముందండి? మళ్ళీ వచ్చే నవంబరుకి రండి."

ఆటోలో దారంతా ఆవిడ ఆ వేలినే చూసుకుంటూ కూర్చున్నారు. సాయంత్రం నేను బియ్యం ఏరుతుంటే వచ్చి పక్కన కూర్చున్నారు. "ఏడాదికోసారి వేలు పెడితే చాలటే. ఈ మధ్యలో నేనున్నానో లేదో ఎవరికీ పట్టదు" అన్నారు.

"మేం లేమా అత్తయ్యా?" అన్నాను. నాకు కాస్త చివుక్కుమంది.

"మీరు ఇంట్లోవాళ్ళు. మీరెలాగూ అడుగుతారు. పొద్దున్నే నేను రాకపోతే, ఆవిడ ఇవాళ రాలేదేంటి అని బయట ఒక మనిషి అడగాలి. ఆఫీసులో అడిగేవాళ్ళు. అది పోయింది నాకు."

పెన్షను వస్తోంది, తిండికీ మందులకూ లోటు లేదు, కొడుకు చెడ్డవాడు కాదు, కోడలు మరీ గయ్యాళి కాదు. ఇంకా ఏం కావాలి ఈవిడకు అనుకున్నాను అప్పుడు. ఆవిడకు కావలసింది అదొక్కటే. రాకపోతే వెతుక్కునే చోటు.

ఆ తర్వాతి వేసవిలో ఆవిడ కంట్లో శుక్లం ముదిరింది. రేపల్లెలో ఒక కళ్ళ డాక్టరు గారు బాగా చూస్తారని పక్కింటివాళ్ళు చెబితే పొద్దుటి ప్యాసింజరులో తీసుకెళ్ళాను. అక్కడ ముందు కళ్ళలో చుక్కలు వేసి, పిలిచేదాకా కళ్ళు తెరవొద్దని చెప్పి బెంచీ మీద కూర్చోబెడతారు. హాలు నిండా జనం. అంతా చుట్టుపక్కల పల్లెలవాళ్ళు, చాలామంది ముసలివాళ్ళు, అందరూ కళ్ళు మూసుకుని బిగదీసుకుని కూర్చున్నారు. కౌంటరు మీద ఫోను మోగుతోంది. కాంపౌండరు లోపలున్నాడు. అది మోగి మోగి ఆగింది, మళ్ళీ మొదలైంది.

మోగుతున్న ఫోనును వదిలేయడం అత్తయ్య గారి వల్ల కాని పని. "ఎవరూ తియ్యరేంటే?" అన్నారు. నేను లేచేలోపే ఆవిడ లేచారు. కళ్ళు మూసుకునే, వాళ్ళ మోకాళ్ళూ వీళ్ళ భుజాలూ తడుముకుంటూ, ఆ మోత వస్తున్న వైపు వెళ్ళి ఫోను అందుకున్నారు.

"హలో, రేపల్లె!"

ఏం గొంతండీ అది. ఇంట్లో నాతో పప్పులో ఉప్పు గురించి మాట్లాడే గొంతు కాదు. బెంచీల మీదవాళ్ళందరూ కళ్ళు మూసుకునే అటు తల తిప్పారు. "డాక్టరు గారు లోపల చూస్తున్నారండి. మీదే ఊరు? చెరుకుపల్లా? నొప్పి ఎప్పట్నించండి? లైన్లో ఉండండి, కనుక్కుని చెబుతాను." డాక్టరు గారు గది గుమ్మం దాకా వచ్చి, ఆవిడ ఫోను పెట్టేదాకా అక్కడే నిలబడి విన్నారు.

"మీరు ఎక్కడ పనిచేస్తుంటారండి?" అన్నారాయన.

"చేసేదాన్నండి. ఇప్పుడు పెన్షను."

"వారానికి మూడు పూటలు వచ్చి ఇక్కడ కూర్చోగలరా?"

ఆవిడ కళ్ళు ఇంకా మూసుకునే ఉన్నారు. మొహం మాత్రం అచ్చం ఫోటోకి కూర్చున్నట్టు వెలిగిపోయింది. "ముందు నా కన్ను బాగుచెయ్యండి సార్" అన్నారు.

కన్ను బాగయింది. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దుటి ప్యాసింజరులో వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేసేవారు. ఇచ్చేది పెన్షను ముందు ఏపాటిదీ కాదు. ఆవిడ దాని సంగతి ఎప్పుడూ మాట్లాడలేదు కూడా. రోగుల సంగతే మాట్లాడేవారు. అక్కడ ఆవిడ పద్ధతి వేరు. ఎక్స్ఛేంజీలో ఊరి పేరు పెట్టి పిలిచిన అలవాటు కదా, మనుషుల్నీ అలాగే పిలిచేవారు. "హలో భట్టిప్రోలు, మీ వంతండి." "హలో చెరుకుపల్లి! ఇద్దరూ లేవకండి, చేతికర్ర ఉన్న చెరుకుపల్లి రండి." చుక్కలు వేసుకున్నవాళ్ళకు కళ్ళు మూసుకోవడమంటే భయం. ఎవరు వస్తున్నారో, ఏం జరుగుతోందో తెలియదు. ఆవిడ కౌంటరు దగ్గర కూర్చుని ఆపకుండా చెబుతుండేవారట. ఇప్పుడు తలుపు తీశారండి, మందులాయన వచ్చాడు. బయట మబ్బు పట్టింది, మీ ఊరు చేరేదాకా వాన రాదులెండి. ఎడం పక్కన కూర్చున్నావిడది వేమూరు, మీ చుట్టాలెవరైనా ఉన్నారేమో కనుక్కోండి. ఒకసారి అక్కడ ఒక ముసలమ్మ నాతో అంది. "ఆవిడ మాట్టాడతా ఉంటే కళ్ళు మూసుకున్నట్టే ఉండదమ్మా."

మా ఇంట్లో మాత్రం గొడవ మొదలైంది. మావారికి బజార్లో ఎరువుల కొట్టు ఉంది. కొట్టుకు వచ్చినవాళ్ళు ఎవరో అడిగారట. "మీ అమ్మగారు రేపల్లెలో ఏదో ఆసుపత్రిలో చేస్తున్నారంటగా?" అని. ఆ రోజు అన్నం దగ్గర ఈయన కంచం పక్కకు నెట్టారు.

"పెన్షనొస్తోంది, నేను సంపాదిస్తున్నాను. ఇంకా టోకెన్లు పిలవాల్సిన ఖర్మేంటమ్మా నీకు? నేను నీకు తిండి పెట్టట్లేదనుకోరూ?"

"అనుకుంటే అనుకోనీరా" అన్నారు ఆవిడ. కానీ గొంతులో బలం లేదు.

ఆ వారమే బాపట్ల నుంచి ఆవిడ అన్నగారు వచ్చారు. ఆయన జీవితమంతా పొలం చేసుకున్న మనిషి, ఒక్కరోజు కూడా ఎక్కడా ఉద్యోగం చెయ్యలేదు. అయినా సర్కారు రూల్సన్నీ ఆయన నోట్లోనే ఉంటాయి. కాఫీ తాగుతూ గంభీరంగా చెప్పారు. "పెన్షను పుచ్చుకుంటా ఇంకోచోట జీతం పుచ్చుకోకూడదమ్మాయ్. ఎవడన్నా అర్జీ పడేశాడంటే నీ పెన్షను ఆగిపోయిద్ది. ఆనక నువ్వు ఏడ్చినా రాదు."

ఆవిడ సర్కారు మనిషి. పై ఆఫీసు, రూలు, అర్జీ అన్న మాటలు చాలు, చేతులు చల్లబడతాయి. మర్నాటి నుంచి రేపల్లె మానేశారు.

ఆ నెల నేను మర్చిపోలేను. పొద్దున్నే స్నానం చేసి, చీర కట్టుకుని, వాచీ పెట్టుకుని తయారయ్యేవారు. తయారై వరండాలో కూర్చునేవారు. ప్యాసింజరు వెళ్ళే వేళకు లేచి గేటు దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి కూర్చునేవారు. లోను కావాలా అని ఎవరో అమ్మాయి ఫోన్ చేస్తే దానితో, "మీదే ఊరమ్మా? టిఫిన్ చేశావా?" అంటూ మాట్లాడుకుంటూ పోయేవారు. ఆ అమ్మాయే విసుగెత్తి పెట్టేసేది. రేపల్లె నుంచి కాంపౌండరు రెండుసార్లు చేశాడు. పేరు చూసి ఆవిడ ఫోను బల్ల మీద బోర్లా పెట్టేశారు. అది మోగుతూనే ఉంది. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూస్తూ కూర్చున్నారు.

ఒకరోజు వచ్చి, "నాతో బాపట్ల రావే. మా ఆఫీసుకెళ్ళి పర్మిషన్ అడిగేద్దాం. నా డిపార్టుమెంటు నాకు కాదనదు" అన్నారు. ఎప్పుడో రిటైరయిన మనిషికి ఎవరు పర్మిషన్ ఇస్తారని నాకు అనుమానమే. కానీ ఆవిడ మొహం చూసి సరేనన్నాను.

బాపట్ల ఆఫీసులో చాలా గదులకు తాళాలు వేసి ఉన్నాయి. ఆవిడ కూర్చున్న పాత స్విచ్‌బోర్డు గదిలో విరిగిన కుర్చీలు పేర్చారు. ఆవిడ కిటికీ ఊచలు పట్టుకుని లోపలికి చూసి, ముందుకు నడిచారు. ఆఫీసరు కుర్రతనం పోని మనిషి, మర్యాదస్తుడు. లేచి నిలబడి మరీ కూర్చోమన్నాడు. ఆవిడ కూర్చోలేదు. చేతులు కట్టుకుని, "రిటైరయ్యాక పార్ట్‌టైమ్ పని చేసుకోవడానికి అనుమతి కావాలండి" అన్నారు.

"ఎవరి అనుమతండి?"

"మీదే సార్."

ఆయన నావైపు చూశాడు. మళ్ళీ ఆవిడతో నెమ్మదిగా చెప్పాడు. "మీరు ఎప్పుడో రిటైరయ్యారు కదమ్మా. ప్రైవేటుగా పని చేసుకుంటే మాకేం అభ్యంతరం ఉంటుందండి? పెన్షను మీరు చేసిన సర్వీసుకి. అదెక్కడికీ పోదు. మమ్మల్ని అడగక్కర్లేదండి."

"కాగితమేమన్నా ఇవ్వాలా?"

"ఏమీ అక్కర్లేదండి."

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఆవిడకు మాత్రం సంతోషం లేదు. బాపట్ల స్టేషన్లో బండి కోసం కూర్చున్నప్పుడు, "అడగక్కర్లేదట" అన్నారు. మళ్ళీ అదే మాట. కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. "సెలవు కావాలంటే వీళ్ళనే అడిగాను. పిల్లాడికి జ్వరమొస్తే గంట ముందు వెళ్తానని అడిగాను. కాదనేవాళ్ళు, తిట్టేవాళ్ళు, మళ్ళీ ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు నన్ను కాదనడానికి కూడా అక్కడ ఎవరూ లేరే." వేరుశనక్కాయల పొట్లం కొని చేతిలో పెట్టాను. బండి నిడుబ్రోలు దాటేసరికి ఒలుచుకుని తింటూ, నాకూ పెడుతూ, మధ్యమధ్య ఏదో ఆలోచిస్తున్నారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మావారికి పెరుగు వడ్డిస్తూ చాలా మామూలుగా అన్నారు. "ఆఫీసువాళ్ళనే అడగక్కర్లేదటరా. ఇంక నిన్ను మాత్రం అడిగేదేముంది? సోమవారం నుంచి వెళ్తున్నాను." ఆయన ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయారు. నేను వంటింట్లోకి వెళ్ళి నవ్వుకున్నాను.

అప్పటి నుంచి పోయిన నెల దాకా, పండగలకూ జ్వరాలకూ తప్ప ఆవిడ రేపల్లె మానలేదు. ఒకసారి పెద్ద వాన పట్టి రైళ్ళు ఆగిపోతే మావారే కారు తీసుకుని తీసుకురావడానికి వెళ్ళారు. వెళ్ళిన మనిషి ఎంతకీ రారు. చివరికి ఇద్దరూ చీకటి పడే వేళకు వచ్చారు. ఏమయిందంటే, బెంచీ మీద కూర్చుని వింటూ ఉండిపోయారట. "మన ఇంట్లో ఉండే అమ్మ కాదే అక్కడ" అన్నారు నాతో. బజార్లో ఎవరైనా అడిగితే ఆ తర్వాత ఆయనే చెప్పేవారు, మా అమ్మ ఉద్యోగం చేస్తోందండి అని.

ఆదివారం అంతా నాకు ఏడుపు రాలేదు. వచ్చినవాళ్ళకు మంచినీళ్ళివ్వడం, అడిగినవాళ్ళకు చెప్పడం, దానితోనే సరిపోయింది. సోమవారం పొద్దున ఆవిడ గదిలో ఆవిడ ఫోనే మోగింది. తీశాను. రేపల్లె కాంపౌండరు. అన్ని ఫోన్లు చేసినదాన్ని అక్కడికి చెయ్యడం తట్టనేలేదు.

"మేడం గారు ఇవాళ రాలేదేంటండి? బండొచ్చి చాలాసేపయింది. ఒంట్లో బాగాలేదా?"

ఆ మాట కోసమే కదా ఆవిడ అన్నేళ్ళు ఆ రైలెక్కింది. ఆవిడ మంచం మీదే కూర్చుని, గొంతెత్తి ఏడ్చాను. అవతల అతను, "అమ్మా, లైన్లో ఉన్నారా, లైన్లో ఉన్నారా" అంటూనే ఉన్నాడు.

ఇప్పుడు మా ఇంట్లో పోట్లాటలు ఎంతసేపైనా సాగుతున్నాయి. ఎవరూ అడగరు కాబట్టి చివరికి మేమే నీరసపడి ఊరుకుంటున్నాం. మా అమ్మ ఫోన్ చేస్తే పెరటి తలుపు చప్పుడు కోసం చూస్తాను. నాకు ఆవిడ గొంతు కావాలి. ఫోటోలు బోలెడున్నాయి. అంత గొంతున్న మనిషి గొంతు ఒక్క ముక్క కూడా మేమెవరం దాచుకోలేదు.

పెద్దకర్మ అయ్యాక ఒక బుధవారం రేపల్లె వెళ్ళాను. ఆవిడ శాలువా, కళ్ళజోడు, టిఫిన్ డబ్బా అక్కడే ఉన్నాయని డాక్టరు గారి భార్య కబురు చేశారు. హాలు ఎప్పటిలాగే నిండా ఉంది. కూర్చోవడానికి ఇంకెక్కడా చోటు లేక, కాంపౌండరు అత్తయ్య గారి కుర్చీయే చూపించాడు. వచ్చేవాళ్ళు గుమ్మంలోనే ఆగి నన్ను చూసి, "మేడం గారు రాలేదా అమ్మా?" అని అడుగుతున్నారు. నెలకూ రెండు నెలలకూ ఒకసారి వచ్చేవాళ్ళు, వాళ్ళకు తెలియదు. మొదట అడిగినావిడకు చెప్పాను. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది. తర్వాత అడిగినవాళ్ళకూ చెప్పాను. చెప్పిన ప్రతిసారీ అత్తయ్య మళ్ళీ పోతున్నట్టుంది.

చివరికి ఒక పెద్దాయన వచ్చాడు. చేతికర్ర, ఒక కంటికి పచ్చ గుడ్డ. గుమ్మంలో నిలబడి చెవి లోపలికి పెట్టి కాసేపు విన్నాడు.

"ఆవిడ లేదామ్మా?"

ఈసారి నోరు తెరిచాను గానీ ఆ మాట రాలేదు.

"ఇవాళ రాలేదండి" అన్నాను.

"చుక్కలేస్తే కళ్ళు మూసుక్కూకోవాల గదా. ఆవిడ మాట లేకపోతే నాకు బయమేసిద్దమ్మా" అన్నాడు. వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకున్నాడు. "అయితే శుక్రవారం వస్తాలే."

కర్రతో ఒక్కో మెట్టూ తడుముకుంటూ దిగి, రోడ్డు మీద చెరుకుపల్లి ఆటో కోసం చెయ్యెత్తాడు.